రాత్రి షిఫ్టు, ముంజేతి పట్టీ

శ్రోతలకు నమస్కారం. బొగ్గు గనులున్న గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు ఇళ్లలో రాత్రి షిఫ్టు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల వేళ ఎంత అనుభవమున్న కార్మికుడికైనా కళ్లు మూతపడతాయి. అది బద్ధకం కాదు, ఆ వేళ నిద్ర కోరడం శరీర ధర్మం. ఉపరితల గనిలో మట్టి దింపి తిరిగివస్తున్న డంపర్ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంటే, ఆపరేటరుకు మూడు సెకన్ల కునుకు పట్టేసరికి ఆ బండి 30 మీటర్ల దూరం ఎవరి అదుపులోనూ లేకుండా పోతుంది.

వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన తెలిపింది. వాహనం నడిపేవారికి మన చట్టం విధించిన పరిమితి 0.03 శాతమే. తాగి వచ్చినవారిని ఊపిరి పరీక్షతో గేటు దగ్గరే ఆపగలం. నిద్ర లేకుండా వచ్చినవారిని గుర్తించే అంత సులువైన మార్గం ఇన్నాళ్లూ లేదు.

ఒంటిమీద ధరించే పరికరాలు ఆ లోటును కొంత తీరుస్తున్నాయి. ముంజేతి పట్టీ చేతి కదలికలను బట్టి ముందురోజు నిద్రను అంచనా వేస్తుంది, చర్మం మీద పచ్చని కాంతిని ప్రసరింపజేసి నాడిని లెక్కిస్తుంది. హెల్మెట్ లోపల అమర్చే పట్టీ మెదడు తరంగాలను గ్రహిస్తుంది. ప్రత్యేకమైన కళ్లద్దాలు కంటికి కనిపించని పరారుణ కాంతితో రెప్ప ఎంత వేగంగా పడుతోందో, ఎంతసేపు మూసుకొని ఉంటోందో కొలుస్తాయి. నా ఉద్దేశంలో, కునుకు పట్టే క్షణాన్ని పసిగట్టడంలో చేతి కన్నా కంటినే ఎక్కువ నమ్మవచ్చు. పట్టీ వదులైనా, చెమట పట్టినా, డంపర్ కుదుపులకు చేయి అదిరినా నాడి లెక్క తప్పుతుంది. ఇక భూగర్భ గనుల్లో మీథేన్ వాయువు ఉంటుంది కనుక, నిప్పురవ్వ పుట్టించే అవకాశం లేదని పరీక్షించి ఆమోదించిన పరికరాన్ని తప్ప లోపలికి తీసుకుపోకూడదు.

అసలు విషయం, కునుకు పడుతోందని పరికరం హెచ్చరిక మోగించిన తర్వాత మొదలవుతుంది. డంపర్‌ను పక్కకు ఆపి ఇరవై నిమిషాలు నడుము వాల్చిన ఆపరేటరుకు మస్టర్, అంటే ఆ రోజు హాజరు, దక్కుతుందా? ట్రిప్పులు తగ్గాయని మర్నాడు సంజాయిషీ అడుగుతారా? అడిగే చోట ఆ పట్టీ రెండో రోజుకే జేబులోకి చేరుతుంది, అందుకు కార్మికుణ్ణి తప్పుపట్టలేము. కాబట్టి పట్టీలు కొనే ముందే విశ్రాంతి గదినీ, బదులుగా బండి ఎక్కే మనిషినీ సిద్ధం చేయాలని యాజమాన్యాలను గట్టిగా కోరుతున్నాను.

మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు రేకుల ఇంట్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం, పిల్లల అల్లరి మధ్య ఎంతసేపు నిద్రపోగలడు? నాలుగు గంటలే నిద్రపోయాడని పట్టీ చూపితే, అది అతని నేరంగా కాక షిఫ్టుల పట్టికలోని లోపంగా చదవాలి. వరుస రాత్రి షిఫ్టులను తగ్గించడం, షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య వ్యవధి పెంచడం వంటి నిర్ణయాలకు ఆ లెక్కలు పనికిరావాలి.

నాడి, నిద్ర వివరాలు మనిషి ఆరోగ్య రహస్యాలు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. ఎవరి వివరాలు వారికీ, గని వైద్యుడికీ మాత్రమే తెలియాలి. అధికారులకు షిఫ్టు మొత్తం మీద లెక్క అందితే చాలు. ఈ మాటను కార్మిక సంఘాలు ముందుగానే రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి.

ఇంకొక్క సంగతి. షిఫ్టు ముగిసి పరికరాన్ని గేటు దగ్గర అప్పగించిన కార్మికుడు, ఆ రాత్రంతటిలోకీ ఎక్కువ నిద్రమత్తులో ఉండి, లారీలు దూసుకుపోయే రాజీవ్ రహదారి మీద బైకు నడుపుకుంటూ ఊరికి బయలుదేరుతాడు. గనిలో అతని అలసటను కొలిచిన యాజమాన్యం, ఆ ఉదయం అతణ్ణి ఇంటి దాకా చేర్చే బస్సును కూడా భద్రతా ఖర్చులోనే రాసుకోవాలి.