యాసిడ్ తగిలితే వెలుగు ఎందుకు మారుతుంది?

అందరికీ నమస్కారం. లైట్లు ఒక్క నిమిషం ఆపేయండి బాబూ. ఇది మామూలు టానిక్ వాటర్, ఇదేమో కోఠిలో దొరికే యూవీ టార్చ్, దొంగనోట్లు పట్టుకోడానికి వాడతారే అదే. చూశారుగా నీలంగా ఎలా వెలుగుతోందో, అది అందులో చేదు కోసం కలిపే క్వినైన్. 1845లోనే జాన్ హెర్షెల్ దీని గురించి రాశాడు, 1852లో స్టోక్స్ ఇలాంటి వెలుగుకి ఫ్లోరోసెన్స్ అని పేరు పెట్టాడు.

ఇప్పుడు ఇందులో వంటసోడా వేస్తున్నా... నీలం తగ్గిపోయింది. క్వినైన్ ఎక్కడికీ పోలేదండీ. టానిక్ వాటర్ పుల్లగా ఉంటుంది కదా, ఆ పులుపులో దానికి రెండు ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ అయాన్లు, అంటుకుని ఉంటాయి, అప్పుడు 450 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ దగ్గర, అంటే నీలంగా, వెలుగుతుంది, సోడా పడితే ఒక ప్రోటాన్ ఊడిపోయి వెలుగు 380 వైపు జరిగిపోతుంది, అది మన కంటికి దాదాపు ఆనదు. సరే, ఇంకో గ్లాసులో ఉప్పు వేద్దాం. ఇదీ తగ్గింది! కానీ ఇక్కడ పీహెచ్, అంటే పులుపు ఎంతో చెప్పే కొలత, పెద్దగా మారలేదు, ఉప్పులోని క్లోరైడ్ వచ్చి గుద్దుకుని వెలుగుని ఆర్పేస్తోంది. అందుకే ల్యాబుల్లో క్వినైన్‌ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కలుపుతారు, హైడ్రోక్లోరిక్‌లో కాదు. వెలుగు తగ్గింది అనగానే నెపం పీహెచ్ మీదకి తోసేయొద్దు, ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది ఇదే.

ఫ్లోరెసీన్ అనే రంగు సంగతి దీనికి రివర్స్. 1871లో జర్మన్ కెమిస్ట్ అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేశాడు. క్షారంలో పచ్చగా మండిపోతుంది, మింగిన ప్రతి వంద ఫోటాన్లకీ తొంభైకి పైగా తిరిగిచ్చేస్తుంది, యాసిడ్‌లో మాత్రం బాగా డల్ అయిపోతుంది. ఆ మార్పు పీహెచ్ 6.4 చుట్టుపక్కల జరుగుతుంది, మన కణాల లోపల 7.2 కదా, దగ్గరే, అందుకే దీని చుట్టాలని కణాల్లో పీహెచ్ కొలవడానికి వాడతారు. అయితే రంగు ఎక్కువ ఎక్కిన కణం ఎలాగూ ఎక్కువ వెలుగుతుంది, కాబట్టి రెండు వేవ్‌లెంగ్త్‌ల వెలుగు వేసి ఎక్సైట్ చేసి, వచ్చిన రెండు వెలుగుల నిష్పత్తి చూస్తారు, అప్పుడు రంగు ఎంత ఎక్కిందన్న తేడా కొట్టుకుపోతుంది.

ఇంకో తమాషా, వెలుగు మింగగానే కొన్ని అణువుల స్వభావం మారిపోతుంది. 2-నాఫ్తాల్ అనే అణువుకి మామూలుగా పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 9.5, ఎక్సైట్ అయితే సుమారు 3కి దిగిపోతుంది, అంటే ప్రోటాన్‌ని చాలా తేలిగ్గా వదిలేస్తుంది.

ఇక కార్బన్ డాట్స్, అంటే వెలిగే బుల్లి కార్బన్ రేణువులు. 2004లో నానోట్యూబుల్ని శుద్ధి చేస్తుంటే అనుకోకుండా దొరికాయి, సైజు 10 నానోమీటర్ల లోపే. వీటి ఒంటినిండా కార్బాక్సిల్, హైడ్రాక్సిల్, అమైన్ గ్రూపులు, ఒక్కోటి ఒక్కో పీహెచ్ దగ్గర ప్రోటాన్ వదులుతుంది. నిమజ్జనం రోజు విగ్రహాలన్నీ ఒకేసారి ట్యాంక్‌బండ్ చేరవు కదా, పొద్దున్నుంచి తెల్లారేదాకా వస్తూనే ఉంటాయి, ఇదీ అంతే, పీహెచ్‌తో వెలుగు ఎలా మారుతుందో గీసిన గ్రాఫ్ నున్నగా ఒక్కచోట మలుపు తిరగదు, సాగుతుంది. పైగా యాసిడ్ మరీ ఎక్కువైతే కొన్ని డాట్స్ ఒకదానికొకటి అతుక్కుని డల్ అవుతాయి, అది మళ్లీ వేరే కథ.

మన పిల్లలు సిట్రిక్ యాసిడ్, ఇథిలీన్‌డయమైన్ కలిపి ఓవెన్‌లో పెట్టి, మర్నాడు బ్రహ్మాండమైన నీలం వెలుగు చూసి పీహెచ్ సెన్సర్ అంటారు. నాకు అక్కడే అనుమానం. ఆ వంటలో ఐపీసీఏ అనే చిన్న ఆర్గానిక్ అణువు కూడా పుడుతుంది, అది స్వయంగా గట్టిగా వెలుగుతుంది. కాబట్టి ముందు డయాలిసిస్ చేయండి, అంటే సన్న రంధ్రాల బ్యాగ్‌లో పోసి నీళ్లలో ఉంచండి, చిన్న అణువులు బయటికి పోతాయి, డాట్స్ లోపలే ఉంటాయి, ఓపిగ్గా, నీళ్లు మారుస్తూ. బ్యాగ్ లోపలిదానికీ బయట నీళ్లకీ రెండిటికీ స్పెక్ట్రమ్ (ఏ వేవ్‌లెంగ్త్‌లో ఎంత వెలుగో చూపేది) తీయండి. వెలుగంతా బయటే ఉంటే మీరు గీసిన పీహెచ్ గ్రాఫ్ డాట్స్‌ది కాదు, ఆ చిన్న అణువుది.