అడంగల్ చింపితే పొలం పాడవుతుందా? ఫార్మాట్ భయం అసలు సంగతి

నమస్కారం అండీ. "అన్నా, మా సిస్టమ్‌కి ఇప్పటికే చాలాసార్లు ఫార్మాట్ కొట్టించాం. ఇంకోసారి కొడితే హార్డ్ డిస్క్ పోతుందని షాపాయన అన్నాడు, నిజమేనా?" ఈ ప్రశ్న వింటే నాకు చిరాకు. అడిగినవాళ్ల మీద కాదు, ఆ మాట చెప్పి పంపిస్తున్నవాళ్ల మీద. ఆ భయంతోనే జనం వైరస్ పట్టిన విండోస్‌ని ఏళ్ల తరబడి ఈడ్చుకొస్తున్నారు. ఇంకోపక్క నిజంగా పోబోతున్న డిస్క్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఫార్మాట్ అంటే ఏంటో మీకు తెలుసు, అది మళ్లీ చెప్పను. కొట్టినప్పుడు డిస్క్ లోపల ఏం జరుగుతుంది, ఏమైనా అరుగుతుందా, అదొక్కటే చూద్దాం.

[స్క్రీన్ మీద: ఒక వరి పొలం, పక్కన రెవెన్యూ రిజిస్టర్]

మీకు ఐదెకరాల పొలం ఉందనుకోండి. ఏ సర్వే నంబర్‌లో ఎవరి పంట ఉందో అడంగల్‌లో రాసి ఉంటుంది. తెలంగాణ వాళ్లు పహాణీ అనుకోండి. మీ ఫొటోలు, సినిమాలు, ఆఫీసు ఫైళ్లు పొలంలో పంట. ఏ ఫైల్ ఎక్కడ ఉందో రాసుకున్న పట్టిక అడంగల్. విండోస్ డిస్క్‌లో ఫైళ్లు సర్దుకునే పద్ధతి ఎన్‌టీఎఫ్ఎస్, అందులో దాన్నే మాస్టర్ ఫైల్ టేబుల్ అంటారు.

క్విక్ ఫార్మాట్ కొట్టారంటే పాత అడంగల్ అవతల పడేసి కొత్త ఖాళీ పుస్తకం తెరిచారన్నమాట. అంతే. పొలంలోకి ఎవరూ దిగలేదు, పంట అలాగే ఉంది. హార్డ్ డిస్క్‌లో పోయిన ఫొటోలను రికవరీ సాఫ్ట్‌వేర్ మళ్లీ బయటికి తీస్తోందంటే కారణం ఇదే. 500 జీబీ డిస్క్‌కి క్విక్ ఫార్మాట్ కొడితే రాసేది కొన్ని పదుల ఎంబీ. మీరు ఒక్క సినిమా కాపీ చేసుకుంటే అంతకు ఎన్నో రెట్లు రాస్తుంది. సినిమా కాపీ చేసేటప్పుడు మాత్రం డిస్క్ ఆయుష్షు గురించి ఒక్కరికీ టెన్షన్ ఉండదు!

మరి ఫుల్ ఫార్మాట్? విండోస్ ఎక్స్‌పీ కాలంలో అది పొలమంతా గట్ల వెంట తిరిగి, ఎక్కడ చవుడు నేల ఉందో, అంటే డిస్క్ ఎక్కడ పాడైందో చూసి రాసుకునేది. దున్నేది కాదు. విస్టా నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు ఫుల్ ఫార్మాట్ డిస్క్ మొత్తం సున్నాలు రాసుకుంటూ పోతుంది, అంటే పొలమంతా దున్నేస్తుంది. ఫుల్ ఫార్మాట్ కొట్టినా డేటా తిరిగొస్తుందని ఇంకా చెబుతున్నవాళ్లు ఎక్స్‌పీ దగ్గరే ఆగిపోయారని అర్థం.

ఇంత దున్నితే అరగదా అంటారు. మన పొలం పోలిక ఇక్కడ కాస్త వింతగా మారుతుంది, ఎందుకంటే ఈ నాగలి నేలను తాకదు. హార్డ్ డిస్క్ లోపలి పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటుంది. హెడ్ దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో గాలి మీద తేలుతూ ఉంటుంది. రాయడం అంటే ఆ కింద ఉన్న అయస్కాంత రేణువుల దిశ మార్చడం. ఎన్నిసార్లు మార్చినా అవి అలసిపోవు. హెడ్ పళ్లేన్ని తాకిందంటే దాన్ని హెడ్ క్రాష్ అంటారు, అప్పుడిక ఫార్మాట్ కొట్టడానికి డిస్కే మిగలదు. ఆ మోటారు మీరు ఫార్మాట్ కొట్టినా, పాటలు విన్నా, డెస్క్‌టాప్ చూస్తూ ఊరికే కూర్చున్నా ఒకే వేగంతో తిరుగుతుంది.

సరే, లెక్క కూడా చూద్దాం.

[స్క్రీన్ మీద: 1 టీబీ × 52 వారాలు = 52 టీబీ]

సీగేట్ బర్రాకుడా లాంటి డెస్క్‌టాప్ డ్రైవ్‌లకు కంపెనీ చెప్పే పని భారం, అంటే చదివేది రాసేది కలిపి, ఏడాదికి 55 టీబీ. 1 టీబీ డిస్క్‌కి ఫుల్ ఫార్మాట్ ఒకసారి కొడితే 1 టీబీ రాసినట్టు. సెకనుకు 150 ఎంబీ వేగం అనుకుంటే దాదాపు రెండు గంటల పని. మీరు వారం వారం, పండక్కీ పబ్బానికీ సెలవు లేకుండా ఫుల్ ఫార్మాట్ కొట్టినా ఏడాదికి 52 టీబీ. ఇంకా మూడు టీబీ మిగిలే ఉంది. అలా కొట్టేవాళ్లకి డిస్క్ సంగతి కాదు, వేరే సమస్య ఉన్నట్టు!

మరి ఈ భయం ఎక్కడి నుంచి పుట్టింది? నా అనుమానం ఏంటంటే, 1980ల్లో. అప్పటి డిస్క్‌లకు లో లెవెల్ ఫార్మాట్ అని ఒకటి మనమే చేసుకోవాల్సి వచ్చేది. అది అడంగల్ రాయడమూ కాదు, దున్నడమూ కాదు, ఏకంగా పొలానికి హద్దురాళ్లు పాతడం, అంటే డేటా రాసుకునే చిన్న చిన్న గళ్లు (సెక్టార్లు) డిస్క్ మీద గీయడం. 1980లో వచ్చిన సీగేట్ ఎస్‌టీ-506 కెపాసిటీ 5 ఎంబీ. ఆ తరం డిస్క్‌ల్లో హెడ్‌ని జరిపేది స్టెప్పర్ మోటారు. వేడికి, వయసుకి హెడ్ కాస్త పక్కకి జరిగితే పాత హద్దురాళ్లు దొరికేవి కావు. అప్పుడు కొత్తగా రాళ్లు పాతేవాళ్లు. తర్వాత వచ్చిన ఐడీఈ రకం డిస్క్‌లకు ఫ్యాక్టరీలోనే ఆ రాళ్లు పాతి ఇవ్వడం మొదలైంది. తొలి రోజుల్లో కొన్నింటికి అలవాటు కొద్దీ లో లెవెల్ ఫార్మాట్ కొడితే నిజంగానే తేడా చేసేది. ఈ రోజు మీరు విండోస్‌లో ఏ బటన్ నొక్కినా ఆ రాళ్ల దాకా వెళ్లలేరు. భయం మాత్రం వారసత్వంగా వచ్చింది.

ఇంకో కారణం ఇంకా ముఖ్యం. ఫార్మాట్ ఎప్పుడు కొట్టిస్తాం? సిస్టమ్ స్లో అయినప్పుడు, హ్యాంగ్ అవుతున్నప్పుడు, నీలం స్క్రీన్ వస్తున్నప్పుడు. అలా చేసేవాటిలో కొన్నింటికి అసలు జబ్బు డిస్క్‌లోనే ఉంటుంది. పొలంలో చవుడు పాకుతోంది, పంట రావట్లేదు, మనమేమో అడంగల్ మార్చి కూర్చున్నాం. నెల తర్వాత పొలం మొత్తం పోతే "అడంగల్ మార్చినందుకే పోయింది" అంటాం. పోయే డిస్క్‌కే ఫార్మాట్ ఎక్కువసార్లు పడుతుంది, కాబట్టి ఫార్మాటే దోషిలా కనిపిస్తుంది. నిజంగా చంపేవి వేరే ఉన్నాయి: ఆన్‌లో ఉండగా ల్యాప్‌టాప్ కింద పడటం, వేడి, యూపీఎస్ లేకుండా కరెంటు పోతూ వస్తూ ఉండటం, బేరింగుల వయసు.

టైమ్ అయిపోతోంది, ఎస్ఎస్‌డీ గురించి, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో రాసే డిస్క్ గురించి గబగబా చెప్పేస్తా. అక్కడ నేలకి నిజంగానే ఇన్ని పంటలే అని లెక్క ఉంది. చిప్‌లో డేటా దాచే ప్రతి గదినీ (సెల్) కొన్నిసార్లే చెరిపి రాయగలం. 500 జీబీ శాంసంగ్ 870 ఈవోకి కంపెనీ ఇచ్చే హామీ 300 టీబీ రాతలు. ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్తే 30 జీబీ రాస్తుందనుకోండి. నెలకోసారి కొట్టినా ఏడాదికి 360 జీబీ, 300 టీబీ పూర్తవడానికి 800 ఏళ్లు దాటుతుంది. ఫుల్ ఫార్మాట్ మాత్రం ఎస్ఎస్‌డీకి ఊరికే కొట్టకండి, ఒక్కోసారి 500 జీబీ ఖర్చు, లాభం లేదు. క్విక్ చాలు. విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే కమాండ్ ఉంది, అడంగల్ మార్చగానే వెళ్లి పంట కూడా కోసేయమని డిస్క్‌కి చెబుతుంది. అందుకే ఎస్ఎస్‌డీలో ఫార్మాట్ తర్వాత రికవరీ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

చివరగా, షాపుకి వెళ్లే ముందు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఫ్రీనే.

[స్క్రీన్ మీద: 05, సీ5 వరుసలు ఎర్ర గీతతో]

హార్డ్ డిస్క్ అయితే ఈ రెండు వరుసలు చూడండి. 05 అంటే చవుడు తేలి, బదులుగా రిజర్వులో ఉన్న నేల ఇచ్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవడం కష్టమై అనుమానంలో ఉన్నవి. ఈ అంకెలు పెరుగుతూ పోతుంటే ముందు ఫొటోలు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, ఫార్మాట్ మాట తర్వాత. పాత సిస్టమ్ అమ్మేస్తున్నారా, హార్డ్ డిస్క్ అయితే క్విక్ టిక్ తీసి ఫుల్ కొట్టండి, రెండు గంటలు పోతే పోనివ్వండి. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల కథ వేరు, అది ఇంకో వీడియోలో. ఉంటానండీ.