ఎఫ్ 1 నొక్కి ముందుకు పోయాను

వేదిక మీది పెద్దలకు, మాజీ సర్పంచ్ గారికి, గ్రంథపాలకుడు గారికి, ముందు వరుసలో బిస్కెట్ల కోసం చూస్తున్న పిల్లలకు నమస్కారం. శాలువా కప్పినందుకు సంతోషం. నవంబరు నెలైనా ఈ రేకుల కింద ఉక్కగానే ఉంది. తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

గ్రంథాలయ వారోత్సవాల కరపత్రంలో నా పేరు కింద ‘డిజిటల్ యుగంలో గ్రంథాలయం’ అని అచ్చు వేశారు. దాని గురించి బాగా చెప్పేవాళ్లు నా తర్వాత ఉన్నారు. నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పంతొమ్మిదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేసుకుని బతుకుతున్నవాణ్ణి. అదిగో, ఆ మూలన గుడ్డ కప్పిన ఐదు కంప్యూటర్ల సంగతి చెప్తాను. ఐదు నిమిషాలన్నారు. పది అవుతుంది.

మీ ఊరి పిల్లగాడు హైదరాబాద్‌లో పనిచేసే ఆఫీసు తీసేసిన పెట్టెలివి. కోర్ టూ డ్యుయో ప్రాసెసర్, రెండు జీబీ ర్యామ్. ఇవాళ నవంబరు 14 కదా, సరిగ్గా నెల కింద, 2025 అక్టోబరు 14న, విండోస్ 10కు మామూలుగా వచ్చే అప్‌డేట్లు మైక్రోసాఫ్ట్ ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తారు, అంతే. విండోస్ 11 వేద్దామంటే నాలుగు జీబీ ర్యామ్ కావాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ఈ తనిఖీలు తీసేసి విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, మా వీధిలో అందరూ వాడేదే. కానీ విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి పాప్‌కౌంట్ అనే ఒక ఆదేశం ప్రాసెసర్‌లోనే ఉండాలి. కోర్ టూ డ్యుయోలో అది లేదు. దారికి అడ్డంగా కట్టిన తాడు విప్పొచ్చు గానీ, దారే లేకపోతే ఏం విప్పుతాం?

అందుకని విండోస్‌కు బదులు వేసుకునే లినక్స్‌లు ఉన్నాయి కదా, వాటిలోనే పాత పెట్టెల కోసం తయారైన ఆంటీఎక్స్ ఎంచుకున్నాను. ఆ పేరు చెప్పగానే ఇక్కడి పిల్లలు పడీ పడీ నవ్వారు. మీరు నవ్వినా ఫర్వాలేదు. అర జీబీ ర్యామ్‌లో కూడా నడుస్తుంది.

మొదటి పెట్టెలో ఇరవై నిమిషాల్లో ఎక్కింది. నెట్ తగిలింది. బ్రౌజర్ తెరిస్తే ఏ సైట్ కొట్టినా ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటుంది. ఇక్కడ గ్రూప్స్‌కు చదివే పిల్లలున్నారు, టీజీపీఎస్సీ సైటే తెరుచుకోకపోతే ఈ కంప్యూటర్ ఎవరికి పనికొస్తుంది? పెన్‌డ్రైవ్ మళ్లీ రాశాను. ర్యామ్ పీకి, పళ్లను రబ్బరుతో రుద్ది పెట్టాను. వైఫై ముక్క మార్చాను. సాఫ్ట్‌వేర్ జాబితా అప్‌డేట్ చేద్దామంటే ఒక లైన్ వచ్చింది: ఈ ఫైలు ఇంకా చెల్లదు, మరో 6,100 చిల్లర రోజులు ఆగాలి అని. ఆరు వేల రోజులు! ‘పాత పెట్టె, మతి పోయింది’ అనుకున్నాను. మూడు సాయంత్రాలు పోయాయి. అసలు గ్రంథపాలకుడు గారికి ‘సార్, వీటికి సపోర్ట్ లేదు, వదిలేయండి’ అని చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

పక్కన తొమ్మిదో తరగతి పాప ఒకతి కూర్చుని చూస్తోంది. ‘అంకుల్, ఇందులో 2009 జనవరి 1 అని ఉంది. నేను పుట్టనే లేదు’ అంది.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీరంతా చూసినదే. పొద్దు ఎటు తిరిగినా లింగం మీద నీడ కదలదు. ఈ పెట్టెలో తేదీ కూడా అంతే, ఎన్నిసార్లు ఆన్ చేసినా 2009 జనవరి 1 దగ్గరే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్ 2032. ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, అందుకే ఆ నంబరు. కరెంటు తీసేసినా గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోతే కంప్యూటర్ 2009లో లేస్తుంది. తాము అసలైనవేనని సైట్లు బ్రౌజర్‌కు చూపించే సర్టిఫికెట్లు 2025వి. రేపటి తేదీ టికెట్ ఇవాళ కండక్టర్‌కు చూపిస్తే ఏమంటాడు? ఇదీ అదే అంది. పెద్ద లినక్స్‌లు చాలావరకు నెట్ తగలగానే టైమ్ సరిచేసుకుంటాయి. మేము వేసినది సరిచేసుకోలేదు. 40 రూపాయల సెల్ వేసి, తేదీ సరిచేశాను. మిగతావాటికీ అదే చేస్తే నాలుగు పెట్టెలు లేచాయి.

ఇంతవరకే అయితే నేను మైకు పట్టుకునేవాణ్ణి కాదు.

ఆ పెట్టె ఆన్ చేసిన ప్రతిసారీ నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో చెప్తూనే ఉంది: తేదీ, సమయం పోయాయి, ముందుకు పోవాలంటే ఎఫ్ 1 నొక్కండి అని. నేను నొక్కాను, ముందుకు పోయాను. పంతొమ్మిదేళ్ల అలవాటు. వేలు దానంతటదే పోతుంది, కన్ను చదవదు. గడియారం సెంటర్లో షాపు పెట్టుకుని గడియారం చూడనివాణ్ణి నేను.

2022లో, మాకు లెక్కలు చెప్పిన సారు తన కంప్యూటర్ ఆటోలో వేసుకొచ్చారు. రిటైరయ్యాక మనుమరాలికి పాఠాలు టైపు చేసుకునేవారు. ‘ఏ వెబ్‌సైటూ తెరుచుకుంటలేదు బిడ్డా’ అన్నారు. నేను ఆన్ చేశాను, ఎఫ్ 1 నొక్కాను, రెండు సైట్లు చూశాను, ‘దీనికి సపోర్ట్ అయిపోయింది సార్, కొత్తది తీసుకోండి’ అన్నాను. ఆయన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. పెట్టె పాత ఇనుప సామాన్లవాడికి కిలోల లెక్కన పోయింది. ‘ఈ వయసులో కొత్తది ఎందుకులే’ అని సారు మళ్లీ కొనలేదు. టైపు చేయడం కూడా మానేశారని వాళ్ల అబ్బాయి చెప్పాడు. ఆ రోజు తప్పు సెల్‌దే అని ఖాయంగా చెప్పలేను, చూద్దామంటే పెట్టె లేదు. ఎఫ్ 1 నొక్కింది మాత్రం గుర్తుంది.

సపోర్ట్ లేదు అంటే ఏదైనా తేడా వస్తే కంపెనీ పూచీ పడదు అని. పెట్టె పనిచేయదని కాదు. ఈ తేడా నాకు తెలుసు. తెలిసీ ఆ మాట ఎంతమందికి అన్నానో లెక్క లేదు, ఎందుకంటే అనడం తేలిక, పైగా కొత్తది నా దగ్గరే కొంటారు. అయ్యా, ఇక్కడ నా కస్టమర్లు కొందరు కూర్చున్నారు. ఇంట్లో అటక మీద పెట్టెలుంటే తీసుకురండి, మళ్లీ చూస్తాను. చూసినందుకు పైసలు తీసుకోను. బ్యాంకు పనులు మాత్రం అప్‌డేట్లు రాని విండోస్‌లో చేయొద్దు, అది వేరే విషయం.

చీటీ పంపారు, ముగించమని. ఒక్క మాట. ఐదో పెట్టె ఇంకా లేవలేదు. మెనూ దాటగానే తెర నల్లబడుతోంది. బూట్ లైన్ చివర నోమోడ్‌సెట్ అని చేరిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ పక్కకు తప్పుకుని మామూలు బొమ్మయినా రావాలి. ఈ సభ ఉందని నిన్న ఆపేశాను. స్క్రూడ్రైవర్ జేబులోనే ఉంది, సెల్ కూడా తెచ్చాను. టీ తాగినాక వెనక గదికి రాదలచినవాళ్లు రండి. ఆ తొమ్మిదో తరగతి పాప ఎక్కడుంది? రా బిడ్డా, ముందు తేదీ ఎంతుందో చదువు.