మూడు చోట్ల కాపురముండే ఊరు

శ్రోతలకు నమస్కారం. ఏ ఊరి సంగతి చెప్పబోయినా అది ఎక్కడుంది, జనం ఎంతమంది అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టడం మనకు అలవాటు. ఇరాన్ ఆగ్నేయ భాగంలో ఉన్న మేమంద్ అనే ఫార్సీ పల్లె విషయంలో మాత్రం, ఆ రెండింటికీ జవాబు చెప్పే ముందు “ఏ నెలలో?” అని ఎదురు ప్రశ్న వేయవలసి ఉంటుంది.

కాగితం మీది చిరునామా తేలికే. మన రాష్ట్రం వంటి దానిని అక్కడ ఓస్తాన్ అంటారు. దాని కింద జిల్లా వంటి షహ్రెస్తాన్, ఆ కింద బఖ్ష్, అన్నిటికీ దిగువన కొన్ని పల్లెలు కలిసిన దెహెస్తాన్ ఉంటాయి. మేమంద్ కెర్మాన్ ఓస్తాన్‌లోని షహ్రె బాబక్ షహ్రెస్తాన్‌కు చెందినది. ఇరాన్ మధ్య పర్వతాల దక్షిణపు కొసన, వాన అరుదైన ఒక లోయ చివర ఉంటుంది. గులాబీ నీటికి పేరుపడ్డ మేమంద్ మరొకటి ఫార్స్ ఓస్తాన్‌లో ఉంది. మనం చెప్పుకొనేది అది కాదు.

ఈ ఊరివారు పశువుల కాపరులు, కొంత తోటల సాగు కూడా చేస్తారు. చలికాలమంతా మెత్తని రాతికొండను తొలిచి చేసుకున్న గుహల్లో ఉంటారు. ఆ ఇంటిని కీచె అంటారు. కొన్నిచోట్ల ఐదు వరుసల దాకా ఒకదానిపై ఒకటిగా కనిపించే ఈ ఇళ్లలోకి వంగి అడుగుపెడితే, తరాల తరబడి పొయ్యి పొగ పట్టి గోడలూ కప్పూ నిగనిగలాడే నలుపుతో ఉంటాయి. చలి తగ్గుముఖం పట్టగానే మందలతో దక్షిణపు బయళ్లలోని సరె ఆఘోల్‌కు తరలిపోతారు. అక్కడివి మట్టి కూడా పెట్టకుండా రాళ్లు పేర్చి కట్టిన, అడవి ముళ్లమొక్కలతో కప్పిన ఇళ్లు. ఎండాకాలం వచ్చేసరికి వాగుల పక్కనున్న సరె బాగ్‌కు చేరుతారు. బాగ్ అంటే తోట అని మనవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక జనాభా సంగతి. ఇరాన్‌లో తొలి జాతీయ జనగణన 1956లో జరిగింది. ఆ లెక్కల్లో పల్లెను ఆబాదీ అని రాస్తారు; తెలంగాణ రెవెన్యూ వ్యవహారంలో ఇళ్లున్న నేలను మనం పిలిచే ఆబాదీ ఈ మాటే. 2006 జనగణనలో మేమంద్‌కు 181 కుటుంబాలు, 673 మంది అని నమోదయింది. ఆ గణన శరదృతువులో, అంటే తోటల నుంచి గుహలకు మళ్లే రోజుల్లో జరిగింది కనుక, ఆ అంకెను ఏడాది పొడవునా ఒకచోట కనిపించే జనంగా భావించడం పొరపాటని నా అభిప్రాయం.

గుర్తించిన కీచెలు దాదాపు 400. చెక్కుచెదరకుండా నిలిచినవి 123. మనుషులతో పాటు ఋతువులూ నడిపే ఈ బ్రతుకును గౌరవించి 2015లో యునెస్కో మేమంద్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు కొన్ని కీచెలలో యాత్రికులకు బస దొరుకుతుంది. చలిరాత్రి ఆ పొయ్యి పక్కన కంబళి కప్పుకొని పడుకొనేవారు ఊరి లెక్కలోకి రారు.