పాత ఫిడేలు కొంటున్నారా? లేబుల్ కాదు, చెక్క చూడండి

[తెర మీద: ఫిడేలు ఎఫ్ రంధ్రంలోంచి లోపలికి టార్చి వెలుగు, అడుగున పసుపెక్కిన లేబుల్]

ఈ కాగితం ముక్క చూశారా? "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్" అని లాటిన్‌లో ఉంది. పక్కన 17తో మొదలయ్యే సంవత్సరం. తాతగారి ఫిడేలు అటక మీంచి దించి, ఇది చదివి, కోట్లు పలుకుతుందని ఆశపడేవాళ్లు చాలామంది. ఇదే లేబుల్ చూపించి రేటు పెంచేవాళ్లూ ఉన్నారు.

ఈ పేరు ఫిడేళ్ల తయారీలో ప్రపంచమంతా గొప్పగా చెప్పుకునే స్ట్రాడివరిది. ఆయన 1737లో ఇటలీలోని క్రెమోనాలో కన్నుమూశారు. ఆ తర్వాత చాలాకాలానికి, జర్మనీలో మార్క్‌నోయ్‌కిర్షెన్, ఫ్రాన్స్‌లో మిర్‌కూర్ అనే ఊళ్లు ప్రపంచానికంతటికీ ఫిడేళ్లు చేసి పంపాయి. ఆయన నమూనాలో చేసినవాటిలో ఆయన పేరు అంటించడం అక్కడ మామూలు. అంటే ఈ లేబుల్ చెప్పేది నమూనా పేరు, చేసినవాడి పేరు కాదు. కింద చిన్న అక్షరాల్లో "జర్మనీ" అని ఉంటే ఇంకో ఆధారం దొరికినట్టే. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. అలాంటి ముద్ర ఉన్నవి సాధారణంగా ఆ తర్వాతివే.

అలాగని వాటిని తీసిపారేయకండి. ఆ ఊళ్ల పనిలో మంచిది నిజంగా మంచిది. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 21 మంది వయొలిన్ కళాకారులకు కళ్లకు చీకటి అద్దాలు పెట్టి, మూడు కొత్త వయొలిన్లు, మూడు పాత ఇటాలియన్ వయొలిన్లు ఇచ్చి వాయించమన్నారు. ఆ పాతవాటిలో రెండు అసలు స్ట్రాడివరివి. అన్నిటికంటే తక్కువమంది ఇష్టపడ్డది ఒక స్ట్రాడివరినే. ఎక్కువమంది ఎంచుకున్నది కొత్తదాన్ని. పేరు కనపడనప్పుడు చెవి వేరేలా తీర్పు చెబుతుంది. కొనేవాళ్లకు ఇంతకంటే ధైర్యమిచ్చే విషయం నాకు తెలియదు.

[క్లోజప్: ఫిడేలు వెనక పలక, ఏటవాలు వెలుతురులో]

మరి ఏం చూడాలి? ముందు పగుళ్లు. పై పలక స్ప్రూస్ చెక్క, వెనక పలక మేపుల్ చెక్క. లోపల ఆ రెంటి మధ్య సన్నటి కర్ర ఒకటి నిలబడి ఉంటుంది, దాన్ని సౌండ్ పోస్ట్ అంటారు. జిగురుండదు, కేవలం ఒత్తిడితో నిలుస్తుంది. సరిగ్గా దాని కింద, వెనక పలక మీద పగులు ఉంటే ఆ ఫిడేలు విలువ బాగా పడిపోతుంది. అతికించినా పడిపోతుంది. పై పలకలో అంచు దగ్గర పాత పగులు, బాగా అతికినది, అంత భయపడాల్సింది కాదు.

తర్వాత వేలి కణుపుతో అంచు చుట్టూ మెల్లగా తట్టండి. ఎక్కడైనా డొల్లగా, గరగరమని వినిపిస్తే అక్కడ అతుకు విడిపోయిందన్నమాట. దీనికి టెన్షన్ పడకండి. ఫిడేలును జంతువుల తోలు నుంచి తీసే జిగురుతో అతుకుతారు. చెక్క ఉబ్బినా ముడుచుకున్నా, పలక పగలకుండా ముందు అతుకే విడిపోవాలని కావాలనే ఆ జిగురు వాడతారు. రిపేరు తెలిసినవాళ్లకు అది చిన్న పని. కానీ ఇంట్లో ఫెవికాల్ మాత్రం పెట్టకండి. రేపు ఎవరైనా తెరవాలంటే అతుకు బదులు చెక్కే చీలుతుంది.

ఇప్పుడు మన సంగీతానికి సంబంధించిన అసలు విషయం. షాపులో ఫిడేలును పాశ్చాత్య శ్రుతిలో కట్టి వినిపిస్తారు. అందులో ఏ ఫిడేలైనా మెరుస్తుంది. మనం నాలుగు తీగల్నీ స-ప-స-ప కడతాం. ఐదు శ్రుతి (షడ్జం పాశ్చాత్య 'జి' స్వరం) అయితే మందపు తీగలు రెండూ ఉన్నచోటే ఉంటాయి, సన్న తీగలు రెండూ ఒక్కో మెట్టు దిగుతాయి. అదే రెండు శ్రుతి (షడ్జం 'డి' స్వరం) అయితే నాలుగూ దిగాలి. సన్న తీగ ఏకంగా సా-పా మధ్య ఉన్నంత దూరం దిగిపోతుంది. బిగువు తగ్గేసరికి కొన్ని ఫిడేళ్లు మూగబోతాయి, కొన్ని గొంతు విప్పుతాయి. కాబట్టి మీరు పాడే, వాయించే శ్రుతికి దించి, కింది షడ్జం మీద కమాను నిలిపి వినండి. అలా దించడానికి అమ్మే మనిషి ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. ఇందులో మొహమాటం వద్దు.

[తెర మీద: రెండు కమానులు పక్కపక్కన, కొనలు దగ్గరగా]

ఇక కమాను. మన ఇళ్లలో ఎక్కువ అన్యాయం జరిగేది దీనికే. ఫిడేలుకు లక్ష పెట్టి, దానితో ఉచితంగా వచ్చిన కమానుతో సరిపెట్టుకుంటారు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాదనంలో రసికులు మెచ్చుకున్నవాటిలో పెద్దది కమాను పనే. పొడుగాటి కమాను మీద రాగం సాగాలంటే కర్ర అందుకు సహకరించాలి.

ఈ రోజు మనం చూసే కమాను రూపం పారిస్‌కు చెందిన ఫ్రాన్స్వా గ్జావియే తూర్త్ చేతిలో 18వ శతాబ్దం చివర స్థిరపడింది. మేలైనవి బ్రెజిల్‌లో పెరిగే పెర్నంబుకో చెక్కతో చేస్తారు. ఆ చెట్టు అంతరించే ప్రమాదంలో పడటంతో 2007 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. ఇప్పుడు మంచి కార్బన్ ఫైబర్ కమానులు కూడా వస్తున్నాయి. నేర్చుకునే పిల్లలకు నాసిరకం చెక్క కమాను కంటే అవే మేలని నా గట్టి అభిప్రాయం. విదేశాల్లో ఉండేవాళ్లకు ఒక మాట: పాత కమాను కొనలో ఏనుగు దంతం ముక్క ఉండొచ్చు. కాగితాలు లేకుండా అమెరికాకు తీసుకెళ్తే కస్టమ్స్‌లో చిక్కులొస్తాయి.

కొనేటప్పుడు వెంట్రుకలు వదులు చేసి, పట్టు వైపు నుంచి ఒక కన్ను మూసి కర్ర పొడుగునా చూడండి. పక్కకు వంకర ఉండకూడదు. తర్వాత కొన మెడ దగ్గర వెంట్రుకంత గీత ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. గోరు తగిలితే అది పగులే. ఒకసారి విరిగి అతికించిన కమాను వాయించడానికి పనికొచ్చినా, డబ్బు పెట్టి కొనదగ్గది కాదు.

[తెర మీద: వాయించడం అయిపోయాక కమాను మర తిప్పుతున్న చేయి]

జాగ్రత్తల్లో మొదటిది ఇదే. వాయించడం ఆపగానే మర తిప్పి వెంట్రుకలు వదులు చేయండి. బిగించి పెట్టేస్తే కర్ర వంపు పోతుంది. పోయిన వంపు మళ్లీ తెప్పించడం నిపుణుల పని. వేళ్లు జారడానికి ఎడమ చేతికి నూనె రాసుకునే అలవాటుంటే, ఆ చేత్తో వెంట్రుకలు ముట్టుకోకండి. నూనె అంటిన చోట రోజిన్ (వెంట్రుకలు తీగను పట్టుకోవడానికి రాసే గట్టి బంక) పట్టదు, స్వరం జారిపోతుంది.

రోజిన్ పొడిని అదే రోజు పొడి మెత్తటి గుడ్డతో తుడిచేయండి. స్పిరిట్, శానిటైజర్, సెంటు ఏదీ దగ్గరకు రానీయకండి, వార్నిష్ కరిగిపోతుంది. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే చెక్కకు హాయి. విశాఖలో అంతకు మించుతుంది, హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నాల్లో అంతకంటే తగ్గుతుంది. పెట్టెలో చిన్న తేమ మీటర్ పెట్టుకోండి. ఎండలో ఆపిన కారులో మాత్రం ఐదు నిమిషాలు కూడా వదలొద్దు.

తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి (తీగల్ని పైకి ఎత్తి పట్టే చెక్క ముక్క) పడుతుంది, దాంతోపాటు లోపలి సౌండ్ పోస్ట్ కూడా పడొచ్చు. శ్రుతి చేసినప్పుడల్లా బ్రిడ్జి పైభాగం ముందుకు వాలుతూ ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నిటారుగా నిలపండి.

చాలా నెలలు తెరవని పెట్టెలో కమాను వెంట్రుకలు ఒకవైపు తెగి వేలాడుతుంటే, అది పురుగు పని. చీకట్లో ఉండి గుర్రపు వెంట్రుకలు కొరికే చిన్న పురుగులు. ఫిడేలు, కమాను బయటికి తీసేసి, ఖాళీ పెట్టె మూలలన్నీ వాక్యూమ్ చేసి, ఒక రోజంతా ఎండలో తెరిచి ఉంచండి. కమాను వెంట్రుకలు కొత్తవి వేయించండి. పాత వెంట్రుకలు అదే పెట్టెలో దాచకండి.