టైప్ చేసింది ఒకసారే, ఈవెంట్ రెండుసార్లు ఎందుకొస్తోంది?

[స్క్రీన్: ఫ్లట్టర్ (యాప్‌లు తయారుచేసే గూగుల్ ఫ్రేమ్‌వర్క్) యాప్‌లో సెర్చ్ బాక్స్, పక్కన కన్సోల్]

ఫ్రెండ్స్, కన్సోల్ చూడండి. సెర్చ్ బాక్స్‌లో "ఇడ్లీ" అని కొట్టి కీబోర్డ్‌లో డన్ నొక్కాను, ఒక్క అక్షరం కూడా మారలేదు కానీ "ఇడ్లీ" ఇంకోసారి ప్రింట్ అయింది, అంటే సర్వర్‌కి అదే రిక్వెస్ట్ మళ్లీ వెళ్లిపోయిందన్నమాట. ఇలాంటిది చూడగానే చాలామంది 300 మిల్లీసెకన్ల డిబౌన్స్, అంటే టైపింగ్ ఆగి అంతసేపు అయ్యాకే కాల్ పంపడం, పెట్టేసి బగ్ క్లోజ్ చేసేస్తారు. ప్లీజ్, అలా చెయ్యకండి. డిబౌన్స్ మంచిదే, గబగబా టైప్ చేసేటప్పుడు కాల్స్ తగ్గుతాయి, కానీ యూజర్ ఒక సెకను ఆగి డన్ నొక్కాడంటే రెండో కాల్ ఎలాగూ వెళ్తుంది.

సెర్చ్ బాక్స్‌లో ఉన్నదాన్ని పట్టుకుని ఉండేది కంట్రోలర్, అది మారినప్పుడల్లా నడిచే మన ఫంక్షన్ లిజనర్. ఆ లిజనర్‌లో టెక్స్ట్ ఒక్కటే కాకుండా కంట్రోలర్ వాల్యూ మొత్తం ప్రింట్ చెయ్యండి. అందులో టెక్స్ట్, సెలెక్షన్, కంపోజింగ్ అని మూడుంటాయి. సెలెక్షన్ అంటే కర్సర్ ఎక్కడుందో. కంపోజింగ్ అంటే, టైప్ చేస్తుంటే మాట కింద సన్నటి గీత వస్తుంది కదా, అది కీబోర్డ్ ఇంకా ఖరారు చెయ్యని ముక్క.

[జూమ్: రెండు కన్సోల్ లైన్లు]

మొదటి లైన్‌లో కంపోజింగ్ స్టార్ట్ 0, ఎండ్ 5. కంటికి రెండక్షరాలే కనిపిస్తున్నా ఇ, డ, పొల్లు, ల, గుడిదీర్ఘం అన్నీ విడివిడి కోడ్లు కాబట్టి లెక్క 5 వచ్చింది. రెండో లైన్‌లో టెక్స్ట్ అదే, కంపోజింగ్ మాత్రం -1, -1 అయింది, అంటే ఖరారు కాని ముక్క ఏదీ లేదని. డన్ నొక్కగానే గీత పోయింది, ఫ్లట్టర్ వాల్యూ మారిందని చెప్పింది, అంతే. ఊరికే కర్సర్ జరిపినా ఇదే లిజనర్ మోగుతుంది. ఫ్రేమ్‌వర్క్ తప్పేం లేదు, మనం అడిగిందే అది.

సో పాత టెక్స్ట్‌ని ఒక వేరియబుల్‌లో దాచుకుని, కొత్తది అదే అయితే రిటర్న్ అయిపోండి. లేదా లిజనర్ బదులు, టెక్స్ట్ మారితేనే పిలిచే ఆన్‌ఛేంజ్డ్ వాడండి, కానీ ఆ రెండూ కలిపి పెట్టి రెంటిలోంచీ సెర్చ్ పిలిస్తే మళ్లీ డబుల్ అవుతుంది. ఇంకోటి, గీత ఉన్నంతసేపూ సెర్చ్ ఆపేద్దాం అనుకోకండి, ఆండ్రాయిడ్‌లో ఇంగ్లీష్ టైప్ చేసినా చాలా కీబోర్డ్స్ ఆ గీత పెడతాయి, అప్పుడు స్పేస్ కొట్టేదాకా మీ సెర్చ్ కదలదు.

ఇప్పుడు అసలు డేంజర్ కేసు. ఒక్క మార్పుకి ఈవెంట్ మొదట రెండుసార్లు, కాసేపటికి మూడు, నాలుగు అని పెరుగుతూ పోతుంటే లిజనర్ మళ్లీ మళ్లీ తగులుకుంటోందని అర్థం. లిజనర్ తగిలించే యాడ్‌లిజనర్, స్క్రీన్ గీసే బిల్డ్ ఫంక్షన్ లోపల ఉందేమో చూడండి, స్క్రీన్‌ని మళ్లీ గీయమని చెప్పే సెట్‌స్టేట్ జరిగినప్పుడల్లా ఇంకోటి చేరుతుంది. దాన్ని మొదట్లో ఒక్కసారే నడిచే ఇనిట్‌స్టేట్‌లోకి మార్చి, చివర్లో నడిచే డిస్పోజ్‌లో రిమూవ్‌లిజనర్‌తో తీసెయ్యండి. ఫంక్షన్‌కి పేరు పెట్టి అదే పేరు రెండుచోట్లా ఇవ్వాలి, అక్కడికక్కడ రాసిన లాంబ్డా (పేరులేని ఫంక్షన్) ఇస్తే రిమూవ్‌లిజనర్‌కి అది వేరే ఆబ్జెక్ట్, ఏమీ తీయదు, ఎర్రర్ కూడా చూపించదు!

నేటివ్ ఆండ్రాయిడ్ వాళ్లకి కూడా ఇదే జరుగుతుంది, స్క్రోల్ అయ్యే లిస్ట్ చూపించే రీసైక్లర్‌వ్యూలో, పాత వరుసలోనే కొత్త డేటా నింపే ఆన్‌బైండ్‌వ్యూహోల్డర్ లోపల టెక్స్ట్‌వాచర్ (టెక్స్ట్ మార్పులు వినే లిజనర్) యాడ్ చేస్తే స్క్రోల్ చేసే కొద్దీ అదే ఎడిట్‌టెక్స్ట్‌కి (టైప్ చేసే బాక్స్‌కి) వాచర్లు పోగవుతాయి. వాచర్‌ని ఆ వరుస హోల్డర్ తయారయ్యేటప్పుడే ఒక్కసారి పెట్టండి. ఎంటర్ కీకి ఆన్‌కీలిజనర్ రెండుసార్లు వస్తోందా? కీ నొక్కినప్పుడొకటి, వదిలినప్పుడొకటి, నొక్కినప్పుడు వచ్చే యాక్షన్ డౌన్ మాత్రమే తీసుకోండి, సరిపోతుంది.