పది మాత్రల పల్లవి

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు ఒక జపాన్ పాట గురించి చెప్పుకుందాం. పేరు ‘కోకో సన్నెన్‌సేయ్’. హైస్కూల్లో మూడో ఏడు చదివే విద్యార్థి అని. అక్కడ హైస్కూలు మూడేళ్ళు, అదే ఆఖరి సంవత్సరం. వయసు లెక్కన మన ఇంటర్ రెండో ఏడు అనుకోండి. 1963 జూన్‌లో రికార్డుగా వచ్చింది. పాడినవాడు ఫునకి కజువో. అప్పటికి 18 ఏళ్ళవాడు, కొద్ది నెలల కిందటే బడి ముగించుకుని వచ్చాడు. నల్లకోటు, నిలువు కాలరు, వరసగా బంగారు రంగు గుండీలు. అవే బడి బట్టల్లో వేదికెక్కి పాడాడు. రాసింది ఒకా తొషియో, బాణీ ఎండో మినోరుది.

మూడే చరణాలు. మొదటి దాంట్లో సాయంకాలపు ఎర్రటి ఎండ బడి గోడల మీద పడుతుంది, చెట్టు నీడలో పిల్లల కేరింతలు. మూడో దాంట్లో మిగిలిన కొద్ది రోజులు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది. నా మట్టుకు ఈ పాట ప్రాణమంతా రెండో చరణంలో ఉంది. అది ఎలా పుట్టిందో కాస్త వివరంగా చెబుతాను.

ఒకా తొషియో పాటలు రాస్తూనే పత్రికా విలేఖరిగా కూడా పనిచేశాడు. ఒకసారి టోక్యోలో, సెతగాయ ప్రాంతంలోని ఒక హైస్కూల్లో పిల్లల ఉత్సవం జరుగుతుంటే, దాని గురించి రాయడానికి వెళ్ళాడు. మైదానంలో అబ్బాయిలూ అమ్మాయిలూ చేతులు పట్టుకుని గుండ్రంగా ఫోక్ డ్యాన్స్ ఆడుతున్నారు. ఆయన నిలబడిపోయాడు. ఎందుకంటే ఆయన 1917లో పుట్టినవాడు. ఆయన చదువుకున్న రోజుల్లో, చిన్నబడి దాటితే మగపిల్లలకు వేరే బడి, ఆడపిల్లలకు వేరే బడి. చేతులు పట్టుకోవడం మాట అటుంచి, ఒకే గదిలో కూర్చోవడమే లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947 సంస్కరణలతో కలిసి చదవడం వచ్చింది. యుద్ధంలో ఓడిన జపాన్ అమెరికా సైన్యం చేతిలో ఉన్న ఆ రోజుల్లోనే ఫోక్ డ్యాన్స్ కూడా దేశమంతా పాకింది. చేయి పట్టుకోగానే నల్లని జుట్టు తియ్యగా గుబాళించిందని రెండో చరణంలో ఒక మాట ఉంటుంది. ఆ మాట ఈ మైదానం నుంచి వచ్చిందే. తాను పొందలేని వయసును మరొకరిలో చూసినవాడు రాసిన మాట అది.

ఆ ఆట ఎలా ఉంటుందో తెలిస్తే ఆ మాట ఇంకా బాగా తగులుతుంది. జపాన్ బళ్ళలో బాగా నిలిచిపోయిన ఆట ఒకటుంది, ఓక్లహోమా మిక్సర్. రెండు వలయాలు. లోపలి వలయంలో అబ్బాయిలు, బయటి వలయంలో అమ్మాయిలు, అందరూ ఒకే వైపు తిరిగి నిలబడతారు. అబ్బాయి కుడి చేయి అమ్మాయి భుజం మీదుగా వెళ్ళి ఆమె కుడి చేతిని అందుకుంటుంది. ఎడమ చేతులు ముందు కలుస్తాయి. అంటే ఆమె జుట్టు సరిగ్గా అతని ముఖం పక్కనే! ఎడమకు ఒక వరస అడుగులు, కుడికి ఒక వరస, తర్వాత నాలుగడుగుల నడక. ఆపైన మడమ, బొటనవేలు, మళ్ళీ మడమ, బొటనవేలు ఆనించి, అమ్మాయి వెనకున్న అబ్బాయి దగ్గరికి జరుగుతుంది. ఇదంతా తాళంలో 16 లెక్కల్లో అయిపోవాలి. పదహారు లెక్కలు! ఎదురుచూసిన అమ్మాయి ఇంకొక్క జత అవతల ఉండగా రికార్డు ఆగిపోయిందని అక్కడివాళ్ళు ఇప్పటికీ వేళాకోళాలాడుకుంటారు.

ఇక బాణీ. ఎండో మినోరు హైస్కూలు మెట్టు ఎక్కినవాడు కాదు. నీగత అనే ప్రాంతంలో పేదరికంలో పెరిగాడు, పొలాల్లో కూలి చేశాడు, 17 ఏళ్ళకు టోక్యో వచ్చి వీధి వీధీ తిరుగుతూ గిటార్ వాయించి పొట్ట పోసుకున్నాడు. ఆ రోజుల్లో ఆయనలాంటివాళ్ళు తక్కువేం కాదు. 1960లో జపాన్‌లో హైస్కూల్లో చేరినవాళ్ళు 57 శాతం పైచిలుకు, 1965లో 70 శాతం పైచిలుకు. మిగిలినవాళ్ళలో చాలామంది పదిహేనేళ్ళకే పల్లెల నుంచి రైళ్ళకు రైళ్ళుగా పట్నం కార్ఖానాలకు వచ్చారు. కాబట్టి ఈ పాట చదువుకున్నవాళ్ళకు జ్ఞాపకం, చదవలేకపోయినవాళ్ళకు కోరిక. బాణీలోనూ ఈ రెండూ ఉన్నాయి. స్వరాలు మైనర్‌లో, అంటే పాశ్చాత్య సంగీతంలో దిగులు పలికే స్వరవరసలో, సాగుతాయి, తాళం మాత్రం కవాతులా ముందుకు నడుస్తుంది. చాలామంది గాయకులు దిగులు చూసి తాళాన్ని నిదానం చేస్తారు. అలా చేస్తే పాట చచ్చిపోతుంది. దిగులు గొంతులో ఉండాలి, కాళ్ళలో ఉండకూడదు.

ఇప్పుడు పాడాలనుకునే తెలుగువాళ్ళకు ఒక్క సంగతి. జపాన్ పద్యమూ పాటా నడిచేది మాత్రల మీద. మన లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఆ లెక్క ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. పాట పేరే తీసుకోండి, పల్లవిలో వచ్చేదీ అదే. కో, కో, సన్, నెన్, సేయ్. అయిదూ గురువులే, పది మాత్రలు. మనం తొందరలో ‘కొకొ సనెన్సె’ అంటాం. కొ ఒకటి, కొ ఒకటి, స ఒకటి, నెన్ రెండు, సె ఒకటి. ఆరే మాత్రలు. నాలుగు ఎగిరిపోయాయి! వాద్యాల కంటే ముందే పల్లవి అయిపోయి బిక్కమొహం వేసుకుని నిలబడతాం. ‘సన్’లో నకారాన్ని మింగకూడదు. దాని మాత్ర దానికి ఇవ్వాలి.

చరణం మొదలు కూడా ఇంతే. ‘అకయి యూహి గ’. అ, క, యి, యూ రెండు, హి, గ. ఏడు. మొదటి రెండు పాదాలూ ఏడు, ఏడు, ఏడు, అయిదు మాత్రల ముక్కలుగా విరుగుతాయి. రాగం జోలికి వెళ్ళకముందు చప్పట్లతో ఉత్తిగా చదవండి. చప్పట్టుకు రెండు మాత్రలు, ముక్కకు నాలుగు చప్పట్లు. ఏడు మాత్రల ముక్కలో ఏడూ పలికి, ఎనిమిదో చోట ఊపిరి పీల్చండి. అయిదు మాత్రల ముక్క చివర మూడు ఖాళీ చోట్లు వస్తాయి. అక్కడ తొందరపడి తర్వాతి మాట ఎత్తుకోవద్దు. నోటికి పట్టాక, రికార్డు పెట్టి, దానితోపాటు చప్పట్లు వేయండి. అప్పుడు పేరు వచ్చేచోట ‘ఆ...’ అని సాగదీసి, అయిదు గురువులూ నిండుగా పలకండి.

నమస్కారం.